దంతశుద్ధి వృత్తి – దాని నెన్నుకొనువారి మనస్సు

పిల్లల చదువు ముగియవచ్చినప్పుడు పెద్దలందఱు నడుగు ప్రశ్నలు రెండు కలవు. "ఏ యుద్యోగము చేయుదువు? జీతమెంత వచ్చును?" ఇవి న్యాయమైన ప్రశ్నలే. కడుపు లేనివాడెవ్వడును లేడు గదా! కాని వీనికంటె ముందుగా నడుగవలసిన ప్రశ్న మఱియొకటి యున్నది. "ఆ పనిని నీవేల కోరుచున్నావు?" అని మనము పిల్లల నడుగము. ఒకవేళ నడిగినను వారి యుత్తరము వినునంత తీరిక మనకుండదు. అందుచేత మన యువతీయువకులు తమ మనస్సును తాము చదువుకొను నలవాటు లేనివారై, అడిగినవారికి రుచించు మాటలను కంఠస్థము చేసి యప్పగించుచున్నారు. దేశసేవ, దీనజనోద్ధరణము, త్యాగము మున్నగునవి యన్నియు గొప్ప మాటలే. కాని పెక్కుమంది నోట నాని నాని పులిసిపోయిన మాటలు.

ఈ సంగతిని మేమూహించి చెప్పుట లేదు. ఇది మా యింటనే జరిగినది.

మా మేనకోడలు ఇంటర్మీడియేటు చదువునకై రెండేండ్లు మా యొద్ద నుండెను. పరీక్షలు ముగిసిన పిదప డెంటల్ హైజీనిస్టు చదువులో చేరుదునని చెప్పెను. దరఖాస్తుతో గూడ, ఈ వృత్తిని కోరుటకు కారణమేమో యొక పుట వ్రాసి పంపవలసి యుండెను. ఆమె వ్రాసి, తప్పులు దిద్దుడని మా చేతికిచ్చెను. చదివితిమి. తప్పులు లేవు. దీనుల దంతవ్యాధులను దొలగించుటకు తన జీవితమును ధారవోయ నిశ్చయించితినని యందులో నుండెను. మేము కాగితమును బల్లపై నుంచి, "అమ్మా, ఇది నిజమేనా?" యని యడిగితిమి. ఆమె తల వంచుకొని కొంతసేపూరకుండి, "నిజమునకు మూడు కారణములున్నవి, మామయ్యా. కాని యవి వ్రాయదగినవి కావు" అనెను.

ఆ మూడును చెప్పుమంటిమి. తండ్రి పింఛను ఇల్లు గడచుటకు చాలదు. తమ్ముని చదువింకను మిగిలియున్నది. ఇది రెండేండ్లలో ముగియు చదువు కనుక త్వరగా నాలుగు రూపాయలు కండ్ల జూడవచ్చును. ఇది మొదటిది. దంతవైద్య కళాశాలలో సీటు దొరకునన్ని మార్కులు రాలేదు. వచ్చినను ఐదేండ్లు చదివించు శక్తి యింటికి లేదు. ఇది రెండవది. మూడవది చెప్పబోయి గొంతు పట్టుకొనగా, "అమ్మమ్మ సంగతి" అని మాత్రమనెను. ఆ మాట మాకర్థమైనది. దానిని గూర్చి ముందు చెప్పెదము.

నిజమైన కారణములు మూడును సిగ్గుపడి చాటున నిలిచినవి. నిజము కానిది చక్కని చీర కట్టుకొని ముందునకు వచ్చినది. ఇట్లేల జరిగెను? జీతము కొఱకు పని కోరుట నీచమా? కోరినది దొరకక దొరికిన దానిని పట్టుకొనుట యవమానమా? సేవ యను మాట లేనిదే వృత్తికి గౌరవము లేదా? ఈ ప్రశ్నలు మా మేనకోడలికి మాత్రమే సంబంధించినవి కావు కనుక వీనిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ముందుగా నీ వృత్తి యెట్టిదో తెలిసికొందము. ప్రొద్దుట నోరు కడుగుకొనకపూర్వము పండ్లపై నాలుకకు తగులు జిగటపొరను మనవారు పాచి యందురు. అది కేవలము అన్నపు మడ్డి కాదు. లెక్కకు మిక్కిలియైన సూక్ష్మజీవుల కాపురము. 1683వ సంవత్సరమున హాలెండు దేశపు డెల్ఫ్టు నగరవాసియైన లీవెన్‌హుక్ తన పండ్ల సందులనుండి గీసి తీసిన తెల్లని పదార్థమును భూతద్దముతో జూచి, అందు చలించు ప్రాణులున్నవని లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసెను. ఈ పాచిని తుడువక విడిచినచో, ఉమ్మినీటిలోని సున్నపు లవణములు దానిలో చేరి గట్టిపడి గార యగును. పాచి వేపపుల్లకు లొంగును, బ్రష్షుకు లొంగును. గార దేనికిని లొంగదు. పనిముట్టుతో గీసి తీయవలసినదే. అది చిగుళ్ల క్రిందికి దిగినచో అద్దములో కనబడదు. చిగుళ్లు వాచును, తోముకొనునప్పుడు నెత్తురు కనబడును, పిదప పంటిని పట్టుకొనియున్న యెముక కొంచెము కొంచెముగా కరగి, పిప్పి లేని పన్ను గూడ కదలి యూడిపోవును. ముసలితనము వచ్చిన పండ్లూడుట సహజమని మనము చెప్పుకొను మాటలో పాలెక్కువ ముసలితనముది కాదు, పాచిది.

దీనికి స్పష్టమైన నిదర్శనము 1965లో వెలువడినది. డెన్మార్కు దేశమునందలి ఆర్హుస్ నగరమున హెరాల్డు లో యను పండితుడును ఆయన సహచరులును ఆరోగ్యమైన చిగుళ్లు గల 12 మందిని పండ్లు తోముకొనుట మానుమనిరి. 10 మొదలు 21 దినములలోపల నందఱి చిగుళ్లును వాచినవి. మరల తోముకొనుట మొదలిడగా వాపు తగ్గిపోయినది. రోగకారణమును, రోగనివారణమును ఇంత సులభముగా కంటికి గట్టించిన పరీక్షలు వైద్యశాస్త్రమున నరుదు.

దంతవైద్యుడు పిప్పిని తొలిచి నింపును. నిలువని పన్నును పీకును. హైజీనిస్టు పాచిని, గారను తీసి, పండ్లకు మెఱుగుపెట్టి, వానిని నిలుపుకొను విధమును నేర్పును. మన దేశమున 1948లో వచ్చిన దంతవైద్యుల చట్టము ఈ వృత్తిని ప్రత్యేకముగా గుర్తించి, గార తీయుట, శుభ్రపఱచుట, మెఱుగుపెట్టుట యను పనులతో పాటు దంతశుచిని గూర్చి బోధించుటను గూడ దాని లక్షణముగా నిర్వచించెను. ఈ బోధనము మిక్కిలి గమనింపదగినది. హైజీనిస్టు చక్కగా బోధించినకొలది వచ్చినవారికి మరల నామెతో నుండు పని తగ్గును. తన యవసరమును తానే తగ్గించుకొనుట యే వృత్తిలో ధర్మమో, ఆ వృత్తిలో చేరువారి మనస్సు సామాన్యముగా నుండిన చాలదు.

ఈ వృత్తి పుట్టిన విధము గూడ తెలియదగినది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమునందలి బ్రిడ్జిపోర్టు నగరమున ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అను దంతవైద్యుడుండెను. చెడిన పండ్లను బాగుచేయుటలోనే దినములన్నియు గడచుచున్నవి గాని, చెడకుండ జూచువారెవ్వరును లేరని యాయనకు తోచెను. 1906లో తన వైద్యశాలలో సహాయము చేయుచున్న ఐరీన్ న్యూమన్ అను స్త్రీకి పండ్లు శుభ్రపఱచు విద్యను నేర్పెను. 1913లో ఆయన తెఱచిన పాఠశాలలో 34 మంది స్త్రీలు చేరిరి. వారిలో బడిపంతులమ్మలు, నర్సులు, దంతవైద్యుల సహాయకులు, దంతవైద్యుల భార్యలు గూడ నుండిరి. 1914లో 27 మంది చదువు ముగించిరి. వారిలో పెక్కురు ఆ నగరపు బడిపిల్లల పండ్లు కడిగి, కడుగుకొన నేర్పు పనిలో కుదిరిరి. 1917లో న్యూమన్ ఈ వృత్తికి ప్రభుత్వపు లైసెన్సు పొందిన మొదటి వ్యక్తి యయ్యెను. అంతకుముందు కొందఱు 'దంతనర్సు' అను పేరు సూచించియుండిరి. ఫోన్సు దాని కొప్పుకొనలేదు. నర్సు అనగానే రోగము స్ఫురించును. ఈమె పని రోగముతో గాక ఆరోగ్యముతో ననుటకై హైజీనిస్టు అను పేరు పెట్టెను.

బడిపంతులమ్మలు తమ బల్లను విడిచి యీ కుర్చీయొద్దకు వచ్చుటలో నొక యర్థమున్నది. ఈ వృత్తిలో సగము పంతులపనియే. చేతికి ఓర్పుండవలయును, నోటికంతకంటె నెక్కువ ఓర్పుండవలయును. అయితే ఓర్పు స్త్రీలకు పుట్టుకతోనే వచ్చునని పొగడి, ఆ పొగడ్తనే కారణముగా జేసి వారి జీతము తగ్గించుట లోకమున కలవాటు. పుట్టుకతో వచ్చినదానికి వెల యీయనక్కఱ లేదని కాబోలు! ఓర్పు స్త్రీకైనను పురుషునికైనను అభ్యాసము వలన వచ్చునదే. దానికి వెల యున్నది. ఆ వెల నీయవలెను.

ఇక నాక్షేపణలు. మొదటిది మా బంధువర్గమునుండియే వచ్చినది. పిల్ల పెదతండ్రిగారు విని, "బావగారూ! ఊరివారి యెంగిలి నోళ్లలో వ్రేళ్లు పెట్టి బ్రదుకవలసిన గతి మన పిల్లకు పట్టినదా? రేపు దీని నెవరు చేసికొందురు?" అనిరి. ఆయన దుష్టుడు కాడు. మనలో నూటికి తొంబది మంది మనస్సులో నున్న మాటనే యాయన పైకనెను.

ఎంగిలి యనునది మన యిండ్లలో మిక్కిలి బలమైన మాట. ఇతరులు నోట పెట్టుకొనిన గ్లాసును ముట్టము. అందు కొంత యారోగ్యజ్ఞానము లేకపోలేదు. ఉమ్మినీటిద్వారా రోగము వ్యాపించుట నిజమే కనుక. హైజీనిస్టు చేతులకు తొడుగులు, మూతికి ముసుగు ధరించుటయు, పనిముట్లను మరిగిన యావిరిలో శుద్ధి చేయుటయు అందుకొఱకే. కాని యెంగిలియందలి రోగము వేఱు, ఎంగిలి నంటినవారిని తక్కువవారని యెంచుట వేఱు. మొదటిది జాగ్రత్త, రెండవది గర్వము. బిడ్డ నోట జాఱిన అన్నమును తల్లి కొంగుతో తుడుచును. ఆమె మైలపడినదని యెవ్వరును అనరు. అదే పని పరుల బిడ్డకు జీతము పుచ్చుకొని చేసినచో మైల యగునా? అట్లయిన మైల నోటిలో లేదు, జీతములో నున్నదని చెప్పవలసివచ్చును.

మన సంఘము చిరకాలముగా చేసిన పెద్ద యన్యాయమిదియే. మన బట్టలు శుభ్రపఱచినవారిని, మన వీధి శుభ్రపఱచినవారిని, మన మలమును మోసినవారిని తక్కువవారంటిమి. వారి చేతినుండి శుచిని పుచ్చుకొని, వారికి అశుచి యను పేరిచ్చితిమి. ఈ లెక్కలో నేమి న్యాయమున్నది? ఎవరి పని వలన మనము శుభ్రముగా నున్నామో వారు శుభ్రతకు గురువులు గావలయును. ఇంతకాలమును ఈ తప్పు నితర కులములవారి విషయమున జేసి సుఖముగా నుండిన మనకు, మన పిల్ల యట్టి పనికి పోయెదననగానే బాధ గలిగినది. ఈ బాధ మంచిదే. దీనివలన నైనను మనకు బుద్ధి రావచ్చును.

రెండవ యాక్షేపణ సంస్కారవంతులది. "జీతమునకై చేరుట తప్పు కాదు గాని యుత్తమము కాదు, సేవాభావముతో చేరినవారే యీ వృత్తికి తగుదురు" అని వారందురు. దీనితో మేము పూర్తిగా నేకీభవింపజాలము. పని చేసి కూలి పుచ్చుకొనుట యొక బేరము మాత్రము కాదు. ఒక మాట యిచ్చుట. "ఇంత పని చేయుదును, ఇంత పుచ్చుకొందును" అనువాని మాటకు కట్టుబాటున్నది. ఊరకే సేవ చేయువానికి మనసు మాఱిన మఱునాడు రాకపోవచ్చును, ఎవ్వరును ప్రశ్నింపజాలరు. అంతేకాక, ఇంటి బరువు మోయుటకై సంపాదింపగోరు కొమార్తె మనస్సులో స్వార్థమెంత, పరార్థమెంత? తమ్ముని ఫీజు కట్టవలెనను కోరికను స్వార్థమను పేరుతో పిలుచువాని నిఘంటువును మార్పవలసి యున్నది.

అయినను జీతమునకొక హద్దున్నది. జీతమిచ్చువాని కన్ను ఎంతదూరము పోవునో జీతమంతదూరమే పోవును. ఈ వృత్తిలో నా హద్దు మిక్కిలి స్పష్టముగా గానవచ్చును. వచ్చినవాడద్దము పట్టుకొని చూచునది ముందరి పండ్ల మెఱుగు. గార చేరునది క్రింది ముందరి పండ్ల లోపలివైపున, పైదవుడల బుగ్గవైపున. ఉమ్మినీరు పుట్టు ద్వారములక్కడ నున్నవి గదా. దానికంటె ప్రమాదమైనది చిగుళ్ల క్రిందను, కట్టకడపటి దవుడపంటి వెనుకను దాగియుండును. ముందరివి మెఱయించి పంపినచో వచ్చినవాడు సంతోషముతో డబ్బిచ్చి పోవును. వెనుకది విడిచిపెట్టినట్లు ఆనాడు వానికి తెలియదు. ఆ యేడును తెలియకపోవచ్చును. పండ్లు కదలిననాటికి హైజీనిస్టు పేరు కూడ వానికి జ్ఞాపకముండదు. కావున నా కడపటి పంటి వెనుక పనిముట్టు నడపించునది జీతము కాదు, పొగడ్త కాదు, భయము కాదు. మఱేమి? ఇదియే మా ప్రశ్నకు కేంద్రము.

సేవాభావమే యని వెంటనే చెప్పుదురు. నిదానింపుడు. సేవాభావమును గూడ కొంచెము పరీక్షింపవలసి యున్నది. సేవ చేయుచున్నానని తలచువానికి, సేవ పొందువాడు తనకంటె తక్కువవాడను భావము తెలియకుండనే కలుగును. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములలో కొందఱు స్త్రీలు చుట్టను వెలిగించి నిప్పున్న కొసను నోటిలోపల నుంచుకొని కాల్చుదురు. దీనిని అడ్డపొగ యందురు. అంగిలి నల్లబడి, తెల్లని మచ్చలు కట్టి, కొందఱికది పుట్టకురుపుగా గూడ మాఱును. అట్టి ముసలమ్మ కుర్చీలో కూర్చుండి నోరు తెఱచినప్పుడు, సేవాగర్వము గల పిల్ల ముక్కు చిట్లించి, "ఛీ, ఈ యలవాటేమి?" యని మందలించును. ఆమె నోరు మూసికొనును, మరల రాదు. అంగిలిపై నున్న మచ్చ ఆమెతోనే పోవును. అదే పిల్ల మందలింపక, చూచిన మచ్చను వైద్యునికి చూపించి, ఎప్పటినుండి యున్నదని మెల్లగా నడిగినచో ఆ ముసలమ్మ ప్రాణము నిలువవచ్చును. రోగనిర్ణయము వైద్యుని పని. కాని ముందుగా కంటబడుట హైజీనిస్టుకే తటస్థించును.

మఱియొక యుదాహరణము. నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో కొన్ని గ్రామముల భూగర్భజలమున ఫ్లోరైడు మితిమించి యున్నది. చిన్నతనమున నా నీరు త్రాగినవారి పండ్లపై గోధుమరంగు మచ్చలు పడును. అవి పాచి కావు, గార కావు. పన్ను మొలవకమునుపే దాని పింగాణిలో చేరిన మచ్చలు. ఎంత తోమినను పోవు. ఆ పిల్లవాని జూచి, "నీవు పండ్లు తోముకొనవు కాబోలు" ననునామె హృదయమెంత మంచిదైనను అన్యాయము చేసినదే యగును. తన యూరి నీటి తప్పును తన తప్పుగా మోయుచు వాడింటికి పోవును. మంచి యుద్దేశము జ్ఞానమునకు బదులు కాదు. మనస్సు మంచిదైనంత మాత్రమున చేయి మంచిది కాదు.

కాబట్టి మా యభిప్రాయమిది. ఆ కడపటి పంటి వెనుకకు చేయి నడిపించునది సేవ యను పెద్దమాట కాదు. ఎదుట నున్న యీ నోటియందు, ఈ మనుష్యునియందు శ్రద్ధ. ఇతడెవడు, ఏమి తినును, ఎక్కడ నొచ్చును, ఏమి చెప్పిన నర్థము చేసికొనును అని చూచు చూపు. ఈ శ్రద్ధ మొదటినుండియు నెవ్వరికిని నిండుగా నుండదు. ఏదో యొకచోట నొక బీజము పడును, పని చేయగా చేయగా పెరుగును, చేయనిచో ఎండిపోవును.

మా మేనకోడలి మనస్సులో నా బీజమెక్కడ పడినదో యిప్పుడు చెప్పవలసి యున్నది. చెప్పుట మాకు కష్టమే.

మా తల్లికి పక్షవాతము వచ్చి ఐదు నెలలు మంచమున నుండెను. ఇంటివారమందఱమును శ్రద్ధతోనే చేసితిమని మా నమ్మకము. ప్రతిదినమును ఒడలు తుడిచితిమి, పక్క మార్చితిమి, వీపు పుండ్లు పడకుండ ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టితిమి, వేళకు మందులిచ్చితిమి. నోటి సంగతి మాత్రమెవ్వరికిని తోచలేదు. ఆమె కట్టుడుపండ్లు దినములకొలది నోటిలోనే యుండిపోయినవి. కొన్నాళ్లకామె జావ త్రాగననుట మొదలుపెట్టెను. చెంచా నోటియొద్దకు తెచ్చినచో తల త్రిప్పుకొనును. మాట స్పష్టముగా రాదు కనుక చెప్పలేదు. మేము దానిని ముసలితనపు మంకుపట్టు అనుకొంటిమి. ఒకనాడు విసుగుతో, "అమ్మా, ఇట్లయిన మేమేమి చేయగలము?" అని గట్టిగా గూడ నంటిమి.

ఆ సాయంకాలము ఈ పిల్ల దీపము దగ్గఱకు తెచ్చి, "అమ్మమ్మా, ఒక్కసారి నోరు తెఱువు" అని బ్రతిమాలి చూచెను. పక్షవాతము వచ్చిన ప్రక్క బుగ్గలో నాలుగైదు దినములనాటి యన్నము ముద్దకట్టి యుండెను. కట్టుడుపండ్ల క్రింద చిగురు పుండై యుండెను. పిల్ల యసహ్యించుకొనలేదు. కట్టుడుపండ్లు తీసి కడిగి గిన్నెలో నీళ్లలో నుంచెను. వ్రేలికి తడి మెత్తని గుడ్డ చుట్టి బుగ్గ, చిగుళ్లు, నాలుక మెల్లగా తుడిచెను. మింగుట కష్టమైనవారి నోట నీరు పోయరాదని యెవ్వరు చెప్పిరో గాని, నీరు పోయక గుడ్డను పిండియే తుడిచెను. మఱునాడు మా తల్లి అరగిన్నె జావ త్రాగెను. త్రాగి, మంచి చేతితో పిల్ల చెంప తాకెను.

మేము గుమ్మము కడ నిలిచి చూచుచుంటిమి. ఐదుగురు పెద్దలము, చదువుకొన్నవారము, శుచికి పేరుపడిన యిల్లు. ఆ తల్లి నోటిలోనికి చూచుటకు మాలో నొక్కరికిని తోచలేదు. తోచలేదనుట గూడ పూర్తి నిజము కాదు. చూచుట కిష్టము లేకపోయెను. ఎంగిలి యను మాట మా కండ్లకు గంతలు కట్టినది.

ఇట్లు మంచమున బడినవారి నోటియందలి సూక్ష్మజీవులు ఉమ్మితో గూడ ఊపిరితిత్తులలోనికి జాఱి న్యుమోనియా తెచ్చుట కలదని వైద్యులు చెప్పుదురు. జపాను దేశమున వృద్ధాశ్రమములలో జరిపి 2002లో ప్రకటించిన పరిశీలనమున, భోజనానంతరము నోరు శుభ్రపఱుపబడిన వృద్ధులలో న్యుమోనియా తక్కువగా గనబడినది. నోరు కడుగుట యందమునకే గాదు, ఊపిరికి గూడ సంబంధించినదని దీనివలన తెలియుచున్నది. మా తల్లి యా పిదప రెండు నెలలు జీవించెను. ఆ రెండు నెలలును నోరు శుభ్రముగా జీవించెను.

"ఈ సంగతి వ్రాయవచ్చును గదా, అమ్మా?" యని పిల్ల నడిగితిమి. "అమ్మమ్మ నోటి సంగతి పదిమందికి చెప్పుట కిష్టము లేదు, మామయ్యా. మఱియు దాని నమ్ముకొన్నట్లుండును" అనెను. ఈ మాట మమ్ము చాల సేపాలోచింపజేసెను. నిజమైన కారణము తన్ను తాను చాటుకొనదు. చాటుకొనుటకు సిగ్గుపడును. సేవ యను మాట చాటుకొనుటకు సిగ్గుపడదు.

అయినను ఈ మూడవ కారణమే గొప్పదని, మొదటి రెండును తుడిచివేయవలెనని మేమనము. ఒక జ్ఞాపకము నలువదేండ్ల వృత్తిని మోయజాలదు. పదివేలవ నోరు అమ్మమ్మ నోరు కాదు. అది కోపిష్ఠి నోరు కావచ్చును, ఖైనీ కంపుకొట్టు నోరు కావచ్చును, ఎన్నిసార్లు చెప్పినను తోముకొనని నోరు కావచ్చును. అప్పుడు అమ్మమ్మ జ్ఞాపకము అలసిపోవును. నెలజీతము వచ్చి దానికి భుజమిచ్చును. తమ్ముని చదువు భుజమిచ్చును. చేతికి వచ్చిన నేర్పు భుజమిచ్చును. మనుష్యుని మనస్సు ఒక్క గుంజపై నిలిచిన పందిరి కాదు, నాలుగు గుంజలుండవలెను. వానిలో కొన్ని వంకరవైనను పరవాలేదు, నేలలో పాతుకొనియున్న చాలును. కాగితముపై వ్రాసిన గుంజ పందిరిని మోయదు. మార్కులు రాక యీ త్రోవకు వచ్చితినన్న రెండవ కారణమునకు సిగ్గుపడనక్కఱలేదు. వచ్చిన త్రోవ యేదైనను, వచ్చినచోట నిలిచి చేయు పనియే ప్రశ్న.

సంఘమున కొక మాట. పిల్లలనుండి శ్రద్ధ నాశించు మనము వారికేమి యిచ్చుచున్నాము? మన దేశమున ఈ విద్య నేర్చినవారికి దంతవైద్యశాలలలో ప్రత్యేకముగా స్థానమిచ్చుట తఱచుగా గానరాదు. దంతవైద్యుడే ఆ పని గూడ చేసికొనుట, లేదా హైజీనిస్టును చిల్లరపనుల మనిషిగా వాడుకొనుట జరుగుచున్నది. బడులలో, వృద్ధాశ్రమములలో, మంచమున బడినవారి యిండ్లలో వీరి యవసరమెంతో యున్నది. ఆ స్థానముల నేర్పఱుపక, న్యాయమైన జీతమీయక, పెండ్లిసంబంధములలో వృత్తిపేరు చెప్పుటకు సిగ్గుపడుచు, సేవాభావము లేదని పిల్లలను నిందించుట ధర్మము కాదు.

తుదకు మా మేనకోడలు మొదటి పుటను చింపివేసి మఱియొకటి వ్రాసెను. అందు నాలుగే వాక్యములు. త్వరగా సంపాదింపవలసిన యవసరము తనకున్నదనియు, దంతవైద్య విద్యకు చాలినన్ని మార్కులు రాలేదనియు, మంచమున నున్న యొక వృద్ధురాలికి కొన్ని వారములు నోరు శుభ్రపఱచితిననియు, ఆ పని తనకు చేతనగునని అప్పుడు తెలిసినదనియు మాత్రమే వ్రాసెను. మేము దిద్దుట కేమియు లేకుండెను. పెదతండ్రిగారు గూడ చదివి, చాలసేపు పలుకక, కాగితమును మడిచి యామె చేతికే యిచ్చిరి. ఆయన తల్లిగారికిప్పుడెనుబది యేండ్లు; ఆమెయు మంచమునందే యున్నది. మఱునాటి యుదయమున ఆయన మా యింటికి మనిషిని పంపి, గుడ్డ యెట్లు చుట్టవలెనో యడిగించిరి.

పాఠకులారా! మీ యిండ్లలో తమంతట తాము లేచి నోరు కడుగుకొనలేని పెద్దలున్నచో, నేటి సాయంకాలము దీపము దగ్గఱకు తెచ్చి ఒక్కసారి వారి నోటిలోనికి చూడుడు. ఆ తరువాత ఈ వృత్తి యెక్కువదో తక్కువదో మీరే నిర్ణయింపుడు.